బొలోన్యాలో చర్మం లేని మనుషులు

ఇటలీలోని బొలోన్యా నగరం నడిబొడ్డున, పాత విశ్వవిద్యాలయ భవనం పై అంతస్తులో, నేల నుంచి కప్పు దాకా కలపతో కట్టిన గది ఒకటి ఉంది. చుట్టూ మెట్లు మెట్లుగా బెంచీలు. నడుమ తెల్ల చలువరాతి బల్ల. ఒక గోడకు ఆనుకుని, ఎత్తు మీద, ఆచార్యుడి పీఠం. ఆ పీఠం మీది పందిరికి స్తంభాల్లేవు. బరువంతా ఇద్దరు మగవాళ్ళ మీద ఉంది. వాళ్ళ ఒంటి మీద బట్ట లేదు. తోలు కూడా లేదు.

ఊళ్ళో వాళ్ళని స్పెల్లాతీ అంటారు, తోలు ఒలిచినవాళ్ళని. ఎర్కోలే లెల్లీ అనే శిల్పి రూపకల్పన మీద 1734లో లిండెన్ కర్రలో చెక్కారు. పర్యాటకుల్లో చాలామంది వీళ్ళ ముందు ఫోటో దిగి, మొహం కాస్త చిట్లించి, పక్క వీధిలో పాస్తా తినడానికి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పుపట్టలేం, బొలోన్యా తిండికి అంత పేరుంది. కానీ మన ఒంట్లో ఉన్న ఆరువందలకు పైచిలుకు కండల గురించి, బరువులో దాదాపు నలభై శాతం ఉండే ఆ మాంసం గురించి ఏమైనా తెలుసుకోవాలనుకుంటే, దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఈ ఊరిని మించిన బడి మరోటి కనపడదు. కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కోసి చూస్తే తెలుస్తుంది. అది ఎందుకు కదులుతుందో ఎంత కోసినా తెలియదు, బల్ల మీద పడుకోబెట్టినవాడు కదలడు గనక. బొలోన్యా ఈ రెండు ప్రశ్నల్నీ వదల్లేదు. మొదటిదానికి గొప్ప జవాబు చెప్పింది. రెండోదానికి సగం చెప్పి, మిగతా సగం కోసం ప్రపంచాన్ని నూటయాభై ఏళ్ళు తిప్పింది.

భవనం పేరు ఆర్కిజిన్నాసియో. 1563 నుంచి 1803 దాకా విశ్వవిద్యాలయం ఇక్కడే నడిచింది. గోడల నిండా, కప్పుల మీద కూడా, అప్పటి విద్యార్థుల వంశచిహ్నాలు వేలల్లో కనిపిస్తాయి. ఇప్పుడిది ఊరి గ్రంథాలయం. శరీరాన్ని కోసి చూపించే గదిని 1637లో ఆంతోనియో లెవాంతీ రూపకల్పన మీద కట్టారు. పైకప్పు నడుమ అపోలో, చుట్టూ నక్షత్రరాశుల బొమ్మలు. వైద్యుడు గ్రహాలు చూసుకుని కత్తి పట్టే కాలం అది. గోడ గూళ్ళలో పాత వైద్యుల కొయ్య విగ్రహాలు. వాటిలో ఒకాయన చేతిలో ముక్కు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన గాస్పారె తాల్యాకోజ్జీ. తెగిన ముక్కును జబ్బ మీది చర్మంతో తిరిగి కట్టే పద్ధతి మీద 1597లో పుస్తకం అచ్చువేశాడు. మన సుశ్రుతుడు అదే పనికి చెంప చర్మం వాడమన్నాడు. తాల్యాకోజ్జీ పద్ధతిలో రోగి చేతిని వారాల తరబడి ముఖానికి ఆనించి కట్టేసి ఉంచాలి. ముక్కు కన్నా ఆ భుజం పడ్డ అవస్థే ఎక్కువై ఉంటుందని నాకనిపిస్తుంది.

అంతకు చాలా ముందే ఈ ఊళ్ళో శవాల్ని కోసి పాఠం చెప్పడం మొదలైంది. ఇక్కడి ఆచార్యుడు మొందీనో దె లూజ్జీ 1316లో రాసిన శరీర నిర్మాణ గ్రంథం రెండు వందల ఏళ్ళ పైగా యూరప్ కళాశాలల్లో పాఠ్యపుస్తకం. చర్చి శవచ్ఛేదాన్ని నిషేధించిందని మనవాళ్ళు కూడా అక్కడక్కడా రాస్తుంటారు. పోపు పాలించిన ఈ ఊళ్ళో మాత్రం ఆ మాట నిలవదు. మరణశిక్ష పడిన నేరస్తుల శవాల్ని నగర పాలకులే ఇప్పించేవారు. ఊరివాళ్ళు కాకుండా చూసుకునేవారు. పరువుగల కుటుంబాలకు కోపం రాకూడదు కదా. ఈ కోతల్ని చలికాలంలో, అదీ కార్నివాల్ పండగ రోజుల్లో పెట్టేవారు. ముసుగులు వేసుకున్న జనం కూడా వచ్చి చూసేవారు.

కోతకు ఒక క్రమం ఉండేది. మొదట పొట్ట, తర్వాత రొమ్ము, ఆ తర్వాత తల, ఆఖరున చేతులూ కాళ్ళూ. ఇందులో తత్త్వం వెతకనక్కర్లేదు. ముందు కుళ్ళేది ముందు చూడాలి, అంతే. శీతల గిడ్డంగులు లేని రోజుల్లో వాసన పాఠ్యప్రణాళికను నిర్ణయించింది. దానివల్ల కండలు దట్టంగా ఉన్న కాళ్ళూ చేతులూ నాలుగో రోజుకి గానీ వంతుకి వచ్చేవి కావు. ప్రాణం పోయిన కొద్ది గంటల్లో శవం బిగుసుకుని, రెండు రోజులు తిరిగేసరికి మళ్ళీ సడలిపోతుంది. కాబట్టి విద్యార్థులు చూసినది బతికినప్పటి కండా కాదు, బిగిసిన కండా కాదు. 1540లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెసేలియస్ ఈ ఊరికి వచ్చి శవాన్ని కోస్తూ పాఠం చెప్పినప్పుడు, మొందీనో పుస్తకం చదువుతున్న ఆచార్యుడితో అందరి ముందూ వాదన పడ్డాడు. అక్కడ కూర్చున్న ఒక విద్యార్థి రాసుకున్న నోట్సు వల్ల ఆ గొడవ మనకు తెలిసింది. పుస్తకం ఒకటి చెప్తే బల్ల మరోటి చూపించింది. మూడేళ్ళ తర్వాత వెసేలియస్ అచ్చువేసిన మహాగ్రంథంలో చర్మం ఒలిచిన మనుషులు పొలాల మధ్య, కొండల ముందు నిలబడి కనిపిస్తారు. లెల్లీ బొమ్మలు వాళ్ళ వంశమే.

1944 జనవరి 29న మిత్రపక్షాల బాంబు ఈ గదిని నేలమట్టం చేసింది. యుద్ధం అయ్యాక శిథిలాల్లోంచి ముక్కలు ఏరి, దొరికిన కలపతోనే తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు మనం చూసే స్పెల్లాతీలు ఆ రాళ్ళ కింద నుంచి బయటపడ్డవాళ్ళే.

ఇక వాళ్ళని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. కండలు ఎముక పక్కన ఊరికే పడి లేవు. ప్రతిదీ ఒక ఎముక మీద పుట్టి, ఒక కీలును, కొన్నిసార్లు రెండు కీళ్ళను దాటి, మరో ఎముక మీద దిగుతుంది. కొసల్లో ఎర్ర మాంసం సన్నబడి, తెల్లగా, గట్టిగా, సాగని పట్టీగా మారుతుంది. డాక్టర్లు టెండన్ అనేది దాన్నే. కీలు దాటని కండ ఆ కీలును కదపలేదు. కాబట్టి ఒక కండ చేసే పని తెలియాలంటే పేరు బట్టీ పట్టనక్కర్లేదు. అది ఏ కీలును ఏ పక్క నుంచి దాటుతోందో చూస్తే చాలు. మోకాలి ముందు నుంచి దాటితే కాలు చాపుతుంది, వెనక నుంచి దాటితే ముడుస్తుంది. వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరమంతా కంఠస్థం చేసే పట్టికల్లో సగం ఈ ఒక్క సూత్రంతో రాబట్టవచ్చు.

రెండో సూత్రం మరీ చిన్నది. కండ లాగుతుంది, తొయ్యదు. ఒంట్లో ఎక్కడా తోసే కండ లేదు. మరి తలుపు ఎలా తోస్తున్నాం? దండచేయి వెనకున్న కండ మోచేతి ఎముక కొసను పట్టుకుని లాగుతుంది, అప్పుడు ముంజేయి ముందుకు చాచుకుంటుంది. బయటికి తోపుగా కనపడేది లోపల లాగుడే. లాగినది తనంతట తాను వెనక్కి సాగలేదు, దాన్ని సాగదీయడానికి ఎదుటి పక్కన మరోటి కావాలి. అందుకే కండలు జంటలు. ఒకటి బిగుస్తుంటే ఎదుటిది సడలాలి, అది కూడా ఒక్కసారిగా వదిలేయకుండా కొలతగా. పక్షవాతం తర్వాత కొందరి చెయ్యి ముడుచుకుపోయి రాయిలా బిగిసి ఉండటానికి కారణం కండలో బలం తగ్గడం ఒక్కటే కాదు, ఈ కొలత చెడిపోవడం.

జిమ్ముకు వెళ్ళే కుర్రాళ్ళు అద్దంలో ముందుగా చూసుకునే బైసెప్స్ సంగతే తీసుకోండి. దండచేతి మీద దర్జాగా కూర్చునే ఈ కండ, ఆ చేతి ఎముకకు ఎక్కడా అతుక్కుని ఉండదు. దాని రెండు తలలూ రెక్క ఎముక మీద పుడతాయి, తోక ముంజేతిలో బొటనవేలి వైపు ఉన్న ఎముక మీద దిగుతుంది. అరచేతిని పైకి తిప్పడం దాని పనుల్లో పెద్దది. కుడి చేత్తో స్క్రూ బిగించేటప్పుడు బైసెప్స్ సాయం వస్తుంది, విప్పేటప్పుడు రాదు. మోచెయ్యి మడవటంలో అసలు కూలి దాని అడుగున, కనపడకుండా, దండచేతి ఎముకనే పట్టుకుని ఉన్న మరో కండది. పేరంతా పైవాడికి పోతుంది.

బైసెప్స్ దిగే చోటు మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అరచేయి ఉన్నది ముప్పై సెంటీమీటర్ల అవతల. ఫలితంగా చేతిలో కిలో బరువు నిలపడానికి లోపలి కండలు ఏడెనిమిది కిలోల బరువంత లాగాలి. ఇంజనీరెవరైనా చూస్తే ఇదేం డిజైనండీ అంటాడు. కానీ కండ రెండు సెంటీమీటర్లు కురచైతే చెయ్యి పదిహేను సెంటీమీటర్లు కదులుతుంది, అదీ అన్ని రెట్లు వేగంగా. రాయి విసరడం, చెంప చెళ్ళుమనిపించడం, వీణ మీటడం ఈ ఏర్పాటు పుణ్యమే. మన శరీరం బలాన్ని ఇచ్చి వేగాన్ని కొనుక్కుంది.

వేళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వేళ్ళలో వాటిని కదిపే కండలు లేవు. అరచేతిలో కొన్ని చిన్నవి ఉన్నాయి గానీ, పిడికిలి బిగించే పెద్ద కండలన్నీ ముంజేతిలో ఉంటాయి. పొడవాటి టెండన్లు మణికట్టు దగ్గర ఇరుకు దారిలోంచి దూరి వేలికొసల దాకా వెళ్తాయి. నమ్మకం లేకపోతే ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడి వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆడించి చూడండి. కదలిక పుట్టేచోటు మీ ఎడమ అరచేతి కింద దొరుకుతుంది.

ముఖంలో మాత్రం లెక్క మారుతుంది. అక్కడి కండలు ఎముక మీద పుట్టి చర్మంలో దిగుతాయి. బుగ్గ లాగడం, కనుబొమ్మ ఎత్తడం, పెదవి విరవడం అన్నీ చర్మాన్ని లాగడమే. కాబట్టి చర్మం ఒలిచేసిన మనిషి నవ్వడం శాస్త్రరీత్యా కుదరదు. స్పెల్లాతీల దగ్గర పలకరింపు ఆశించకండి.

అన్నిటికన్నా నన్ను ఆపేది వాళ్ళు చేస్తున్న పని. వాళ్ళు పరిగెత్తడం లేదు, గొడ్డలి ఎత్తడం లేదు. బరువు మోస్తూ ఊరికే నిలబడ్డారు. కండ పని చేయడమంటే కదలడమే అనుకుంటాం గానీ, పొడవు మారకుండా బిగిసి ఉండటం కూడా పనే. ఇప్పుడు ఈ పత్రిక నిలబడి చదువుతున్నవాళ్ళ పిక్కల లోపలి కండ ఒకటి, ఒళ్ళు ముందుకి పడిపోకుండా, సన్నగా, తెరిపి లేకుండా పనిచేస్తూనే ఉంది. లెల్లీకి ఈ సంగతి తెలిసి చేశాడో, పందిరికి ఆధారం కావాలని చేశాడో గానీ, కదలని పనిని ఇంత బాగా చూపిన బొమ్మ మరోటి గుర్తు రావడం లేదు.

ఆర్కిజిన్నాసియో నుంచి జంబోనీ వీధిలోని పలాజ్జో పోజ్జీకి కాస్త నడక. అక్కడ ఇదే లెల్లీ చేసిన మైనపు మనుషులున్నారు. బొలోన్యాలో పుట్టి పోపైన పద్నాలుగో బెనెడిక్ట్ 1742లో వీటిని చేయించాడు. మొత్తం ఎనిమిది నిలువెత్తు బొమ్మలు. చర్మంతో ఉన్న ఆదామూ అవ్వా మొదట. తర్వాత నలుగురు, ఒకరి తర్వాత ఒకరిలో కండల పొర ఒక్కొక్కటీ తగ్గుతూ వస్తుంది. చివర రెండు అస్థిపంజరాలు. కండల మనుషులకు లోపల ఉన్నవి నిజమైన ఎముకలే, వాటి మీద మైనపు కండలు కట్టారు. పైపొర తీస్తే గానీ అడుగు పొర కనపడని చోట, పుస్తకంలో బొమ్మ చూడటానికీ ఈ వరసలో నడుచుకుంటూ వెళ్ళడానికీ చాలా తేడా ఉంది.

లెల్లీ దగ్గర పనిచేసి, తర్వాత విడిపోయినవాడు జొవాన్నీ మన్జొలీనీ. ఆయన భార్య అన్నా మొరాందీ ఇద్దరినీ మించిపోయింది. శవాల్ని కోయడం, మైనంతో పోత పోయడం, ఇంట్లోనే విద్యార్థులకు పాఠం చెప్పడం అన్నీ ఆమె చేసింది. 1755లో భర్త పోయాక కూడా పని ఆపలేదు. ఆమె చేసిన కంటి కండల నమూనాల ముందు కాసేపు ఆగాలి. గుడ్డును అటూ ఇటూ తిప్పే ఆరు సన్న పట్టీలు. మీరు ఈ వాక్యం చదువుతున్నంతసేపూ అవి ఆడుతూనే ఉన్నాయి. చేతుల నమూనాలు కూడా ఉన్నాయి, చర్మంతో సహా. ఆమె తన మైనపు బొమ్మ తనే చేసుకుంది. పట్టుబట్టలు, నగలు, ఎదురుగా తెరిచిన తలపుర్రె, అందులో మెదడు. ఆ కాలపు దొరసానులు కుక్కపిల్లతో, పూలతో చిత్రం గీయించుకునేవారు.

మొరాందీ పోయిన మూడేళ్ళకు, 1777లో, ఆమె నమూనాల గొప్పతనం గురించి ఒక శరీర నిర్మాణ ఆచార్యుడు లాటిన్‌లో ఉపన్యాసం ఇచ్చాడు. వాటిని చూపిస్తూనే పాఠాలు చెప్పాడు. ఆయన పేరు లుయీజీ గాల్వానీ. రెండో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

గాల్వానీకి మైనపు కండ ఎంత ముచ్చటగా ఉన్నా, అది కదలదన్న సంగతి కొరుకుడు పడలేదనుకుంటాను. కప్పల్ని తీసుకుని, వెనక కాళ్ళూ వాటికి వెన్ను నుంచి వచ్చే నరాలూ మాత్రం మిగిలేలా కోసి పెట్టుకునేవాడు. పక్కనున్న యంత్రంలో విద్యుత్తు రవ్వ ఎగిరిన క్షణాన ఎవరో కత్తి మొనతో కప్ప నరాన్ని తాకితే, చచ్చిన కాళ్ళు తన్నుకున్నాయి. అక్కణ్ణుంచి ఏళ్ళ తరబడి అదే పని. ఉరుములు మెరుపుల వేళ కప్ప కాళ్ళని ఇంటి మీద వేలాడదీశాడు, కదిలాయి. 1786లో ఆకాశం తేటగా ఉన్నప్పుడు కూడా, ఇత్తడి కొక్కేలకు తగిలించిన కాళ్ళు ఇనప కమ్మీలకు తగిలితే కదిలాయి. భార్య లూచియా, తనూ శరీర శాస్త్రజ్ఞుడి కూతురే, ఈ ప్రయోగాల్లో తోడుంది. వాటి మీద ఆయన పుస్తకం వెలువడే నాటికి ఆమె లేదు. 1791లో ఆయన తేల్చినది: కండలోనూ నరంలోనూ వాటి సొంత విద్యుత్తు ఉంది.

పావియా ఆచార్యుడు వోల్టా ఒప్పుకోలేదు. విద్యుత్తు కప్పది కాదు, రెండు వేర్వేరు లోహాలు కలిసినచోట పుట్టింది, కప్ప కాలు దాన్ని పట్టి చూపించే పరికరం మాత్రమే అన్నాడు. గాల్వానీ లోహం లేకుండా, నరాన్ని నేరుగా కండకు తాకించి కదిలించి చూపాడు. ఈ తగాదాలో ఊరంతా గాల్వానీ పక్షం, లోకమంతా వోల్టా పక్షం. 1800లో వోల్టా లోహపు బిళ్ళలు పేర్చి తొలి బ్యాటరీ తయారుచేయడంతో ఆయన గెలిచినట్టు పుస్తకాలు రాశాయి. అప్పటికి గాల్వానీ లేడు. నెపోలియన్ పెట్టిన కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనని ఉద్యోగం పోగొట్టుకుని, 1798 డిసెంబర్‌లో చనిపోయాడు. ఈ గెలుపు తీర్పుతో నాకు పేచీ ఉంది. ఇనుము, ఇత్తడి విషయంలో వోల్టా చెప్పింది నిజమే. కానీ ఇవాళ ఆస్పత్రిలో ఇ.సి.జి. తీస్తున్నారంటే, నరం ఎంత వేగంగా పనిచేస్తోందో పరీక్షిస్తున్నారంటే, అక్కడ కొలుస్తున్నది గాల్వానీ చెప్పిన విద్యుత్తునే. కండకణం లోపలికీ బయటికీ మధ్య వోల్టులో పదో వంతు కన్నా తక్కువ తేడా ఎప్పుడూ ఉంటుంది. నరం నుంచి కబురు వచ్చినప్పుడు ఆ తేడా క్షణకాలం తలకిందులవుతుంది. కండ బిగిసే ముందు జరిగేది అదే.

గాల్వానీ మేనల్లుడు జొవాన్నీ అల్దీనీ మామ మాటను నిలబెట్టడానికి వేరే దారి పట్టాడు. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. 1803 జనవరిలో లండన్‌లో ఉరితీసిన ఒక హంతకుడి శవానికి తీగలు తగిలిస్తే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది, పిడికిలి లేచింది. జనం హడలిపోయారు. శాస్త్రానికి దానివల్ల కొత్తగా ఒరిగింది తక్కువ. మేరీ షెల్లీ నవలకు మాత్రం ముడిసరుకు దొరికింది. ఊళ్ళో గాల్వానీ విగ్రహం ఆర్కిజిన్నాసియో ముందున్న కూడలిలోనే ఉంది. చేతిలోని పలక మీద కప్ప కాళ్ళు ఉంటాయి. పరధ్యానంగా వెళ్ళేవాళ్ళు అది పుస్తకం అనుకుంటారు.

విద్యుత్తు కబురు మోస్తుంది, సరే. కబురు అందుకున్న కండకు లాగే శక్తి ఎక్కడిది? ఈ ముక్కకు జవాబు కావాలంటే బొలోన్యా వదిలి బోస్టన్ వెళ్ళాలి. అక్కడ దొరికే మనిషి మన భీమవరంలో 1895లో పుట్టినవాడు. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, ఒంటి ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. జీవరసాయన ప్రయోగశాలల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ తెలిసిన పేరే. ఆ కొలమానంతో కండల్ని పరిశీలిస్తే భాస్వరం లెక్క అప్పటిదాకా అనుకున్నట్టు లేదు. క్రియాటిన్‌తో జత కట్టిన భాస్వరం ఒకటుంది, కండ పనిచేస్తే అది విడిపోతోంది, విశ్రాంతిలో మళ్ళీ జత కడుతోంది. 1927లో ఆ ఫాస్ఫోక్రియాటిన్ సంగతి, 1929లో కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం సంగతి వాళ్ళు ప్రకటించారు. ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనుక్కున్నాడు. అప్పటిదాకా కండను నడిపేది లాక్టిక్ ఆమ్లం అని అందరూ నమ్మారు. ఆ పరిశోధనకు 1922 నోబెల్ కూడా ఇచ్చేశారు. 1930లో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసిన కండ కూడా బిగుస్తుందని చూపడంతో ఆ లెక్క తారుమారైంది. కండలో నిల్వ ఉన్న ఏటీపీ జోరుగా పరిగెత్తితే రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. దాన్ని వెంటవెంటనే భర్తీ చేస్తూ మరో ఎనిమిది పది సెకన్లు నెట్టుకొచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. వంద మీటర్ల పరుగు ముగిసేది ఆ నిల్వ మీదే. అమీర్‌పేట జిమ్ములో క్రియాటిన్ డబ్బా మూత తిప్పే కుర్రాడికి ఈ భీమవరం లంకె తెలిసి ఉండే అవకాశం తక్కువ.

చివరి ముడి 1954లో విడింది. ఒకే వారం నేచర్ పత్రికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. కండలోని పోగులు కురచ కావడం లేదు, లావు పోగుల మధ్యకు సన్న పోగులు జారుతున్నాయి అని రెండూ చెప్పాయి. మిల్లీమీటరులో నాలుగైదు వందల వంతు పొడవుండే గళ్ళు వేలకు వేలు వరసగా ఉంటాయి. ప్రతి గడిలోనూ లావు పోగు మీది చిన్న తలలు సన్న పోగును, బావిలో చేద తోడేటప్పుడు చేతులు మార్చి మార్చి తాడు లాగినట్టు, పట్టి లాగి వదిలి మళ్ళీ ముందుకెళ్ళి పడతాయి. వదలడానికి ప్రతిసారీ ఒక ఏటీపీ కావాలి. పట్టుకోవడానికి అక్కర్లేదు, వదలడానికే కావాలి. ప్రాణం పోయాక ఏటీపీ తయారీ ఆగుతుంది. పట్టిన తలలు వదల్లేవు. ఆ చలువరాతి బల్ల మీదికి వచ్చిన ప్రతి శవమూ ముందు కొయ్యబారడానికి, తర్వాత ఆ పోగులే చివికి సడలడానికి కారణం అది. మొందీనో శిష్యులకు నాలుగో రోజున దక్కినవి వదిలేసిన చేతులు.

మళ్ళీ బొలోన్యాకి. ఊరికి దక్షిణాన కొండ మీద సాన్ మికేలె ఇన్ బోస్కో అనే పాత మఠం ఉంది. శస్త్రవైద్యుడు ఫ్రాంచెస్కో రిజ్జోలీ రాసిచ్చిన ఆస్తితో 1896 నుంచి అది ఎముకల ఆస్పత్రి అయింది. ఇక్కడికి 1899లో వచ్చిన అలెస్సాంద్రో కొదివిల్లా, చచ్చుబడ్డ కండ చేయాల్సిన పనిని పక్కనున్న ఆరోగ్యమైన కండకు అప్పగించే శస్త్రచికిత్సలో తొలితరం వాడు. పక్క కండ టెండన్‌ను దాని చోటు నుంచి విప్పి, దారి మళ్ళించి, కావలసిన ఎముకకు కుడతారు. కీలును ఏ పక్క నుంచి దాటితే ఆ పని చేస్తుందన్న మొదటి సూత్రమే ఇక్కడ కత్తి పట్టింది. పోలియోతో పాదం వేలాడిపోయిన పిల్లలకు ఈ పద్ధతి నడక ఇచ్చింది. మనకు దగ్గర్లో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, 1940ల చివర పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల కొంకర్లు పోయిన వేళ్ళకు ఇదే తర్కంతో కదలిక తెప్పించాడు. దారి మార్చిన కండకు కొత్త పని వెంటనే రాదు. రోగి మొదట్లో పాత కదలికను తలుచుకుంటేనే కొత్త కదలిక వస్తుంది. నెలల సాధన తర్వాత అలా తలుచుకునే అవసరం పోతుంది. రిజ్జోలీలో ఇప్పుడు చర్మం మీద మెరిసే చుక్కలు అతికించి, కెమెరాల ముందు నడిపించి, పాదంలోని ఎముకలు ఒకదానితో ఒకటి ఎలా కదులుతున్నాయో కొలుస్తారు. పాదాన్ని అలా భాగాలుగా లెక్కించే రిజ్జోలీ నమూనాను ఇతర దేశాల నడక ప్రయోగశాలలూ వాడుతున్నాయి.

ఇంతా చూశాక సొంత కండల్ని పనికి పెట్టాలనిపిస్తే సాన్ లూకా గుడికి నడవాలి. సరగోజ్జా ద్వారం నుంచి కొండ మీద మేరీమాత గుడి దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు, 666 తోరణాల కప్పు కింద, ఎండా వానా తగలకుండా. మొదటి సగం చదును, మెలోన్చెల్లో తోరణం దాటాక నిలువు. ఎక్కుతుంటే తొడ ముందు కండలు కురచవుతూ ఒంటిని పైకెత్తుతాయి. గుండె కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. కష్టమంతా ఇదేనని అనుకుంటాం.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు. కబుర్లు చెప్పుకుంటూ దిగొచ్చు. కానీ అడుగడుక్కీ మోకాలు ముడుచుకుపోకుండా అవే తొడ కండలు బిగిసే ఉంటాయి, బిగిసి ఉండగానే సాగుతాయి. సాగుతూ బరువు ఆపడంలో కండ ఎక్కువ బలం చూపుతుంది, తక్కువ ఇంధనం తింటుంది, పోగులకు మాత్రం సన్నటి చిరుగులు పడతాయి. మర్నాడు, అంతకన్నా మూడోరోజు, మెట్ల ముందు నిలబడి ఆలోచించేలా చేసే నొప్పి దానిదే. తిరుమల మెట్లు ఎక్కి బస్సులో వచ్చేసినవాళ్ళ కన్నా అలిపిరి దాకా నడిచి దిగినవాళ్ళు ఇది బాగా ఎరుగుదురు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందండీ అని జిమ్ము కోచ్‌లు ఇప్పటికీ చెప్తుంటారు. ఆ ఆమ్లం గంట తిరగకుండానే రక్తంలోంచి వెళ్ళిపోతుంది. ఇదే కొండ మీద ముగిసే సైకిల్ పందెంలో పాల్గొనేవాళ్ళకి ఈ బాధ అంతగా ఉండదు. తొక్కడంలో కండ కురచవుతూనే పనిచేస్తుంది, సాగుతూ ఆపే పని దాదాపు లేదు.

మొదటిసారి దిగేవాళ్ళు అడుగులు చిన్నవి వేస్తే దెబ్బ తగ్గుతుంది. నొప్పి పూర్తిగా తగ్గాక, వారం పది రోజుల్లో మళ్ళీ అదే దారి దిగితే ఆ బాధలో కొంతే వస్తుంది. ఒక్క దిగుడుకే కండ తనను తాను సరిచేసుకుని ఉంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. బొలోన్యాలో రెండు రోజులే ఉండేవాళ్ళు మాత్రం స్పెల్లాతీలనీ మైనపు మనుషులనీ ముందు చూసేసి, కొండను రెండో రోజు సాయంత్రానికి పెట్టుకోవడం మేలు. పలాజ్జో పోజ్జీలో మెట్లున్నాయి.